పుస్తకంలో లేని పొట్టేలు

“ఎవరు?” అని మళ్లీ అడిగింది యజమానురాలు.

ఆమె కుడిచేతిలో తెల్లటి గుడ్డ ఉంది. హోటల్లో పెద్ద విందు బల్ల మీద పరిచేది. దాని నడిమధ్య గోధుమరంగులో ఇస్త్రీపెట్టె అచ్చు, ముక్కుతో సహా, చిత్రకారుడు గీసినట్టు పడి ఉంది. ఎడమచేతిలో పుస్తకం ఉంది. గుడ్డ కంటే పుస్తకాన్నే ఎక్కువ కోపంగా పట్టుకుంది.

ఇస్త్రీ గదిలో నలుగురు ఆడవాళ్లు నాలుగు బల్లల వెనక నిలబడి ఉన్నారు. 

“ఈ మచ్చ పోదు. హోటలు వాళ్లకి వేరే గుడ్డ పంపి సర్దుకుంటాను, ఆ తలనొప్పి నాది. కానీ నా లాండ్రీలో తప్పు చేసి గుడ్డని మడిచి దొంతర కింద దాచేస్తే మాత్రం ఊరుకోను. వ్యాను వచ్చేలోగా ఎవరో చెప్పండి. చెప్తే మీ కథలు మీవి, నేను అడ్డురాను. చెప్పకపోతే ఇవాళ్టితో ఆఖరు. ఇదీ, ఆ అల్మారాలో ఉన్నవన్నీ చెత్తబండిలోకి పోతాయి.”

గుడ్డని మొదటి బల్ల మీద పడేసి, పుస్తకం మాత్రం తీసుకుని వెళ్లిపోయింది.

తలుపు మూసుకోగానే కోడలు ఏడుపు అందుకుంది. “ఇంకొక్క అధ్యాయమే ఉంది కదక్కా! దీపస్తంభం తాతని ఎవరు తోశారో తెలియకుండానే చచ్చిపోతానా నేను?”

“నువ్వు చావవులే. నా ప్రాణం తీస్తావు,” అంది పక్క బల్ల దగ్గరున్న అత్త.

వాళ్లిద్దరూ నిజంగానే అత్తాకోడళ్లు. ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఈ గదిలో మాత్రం పక్కపక్కన నిలబడి ఒకే కథ వింటారు. మూడో బల్ల పెద్దమ్మది. అందరికంటే ముందు ఈ లాండ్రీలో చేరిన మనిషి, త్వరలో మానేస్తానని ఎప్పటి నుంచో అంటోంది. నాలుగోది కథలక్కది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కథలక్క స్టూలు మీద కూర్చుంటుంది. ఆమె వాటా దుప్పట్లూ దిండు గలీబులూ మిగతా ముగ్గురూ పంచుకుంటారు. ఆమె పుస్తకం తెరిచి, ఇంగ్లీషు వాక్యాన్ని కళ్లతో చదివి, తెలుగులో నోటితో చెబుతుంది. ఆ పుస్తకాలు హోటల్లో దిగిన ఎవరో మరిచిపోయి వెళ్లినవి. మాసిన దుప్పట్లతో పాటు మూటలో వచ్చాయి. తిరిగి పంపితే మాకెందుకన్నారు హోటలు వాళ్లు. అప్పటి నుంచి ఈ గదికి ఇంకో ఊరు చుట్టమైంది.

స్కాట్లాండులో ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరది. ఒక్కటే వీధి, ఎప్పుడూ సన్నటి వాన. ఒక చర్చి, ఒక ఉన్ని కొట్టు, కేకులు కూడా అమ్మే పోస్టాఫీసు, పొద్దునా సాయంత్రం వచ్చే పడవ. అక్కడి పేర్లకి నోరు తిరగదు కాబట్టి అందరికీ వరసలు కలిపేశారు. ప్రార్థన చేయించే ఆయన చర్చి బాబాయి. పడవ నడిపేవాడు పడవ మామయ్య. ఉన్ని కొట్టు నడుపుతూ, మేజోళ్లు అల్లుతూ, పోలీసుల కంటే ముందే హంతకుణ్ణి పట్టేసే ముసలావిడ ఉన్ని బామ్మ. ప్రతి పుస్తకానికీ ఒక హత్య. ఈసారి పోయింది దీపస్తంభం కాసే తాత.

“ఇన్ని హత్యలు జరిగే ఊరికి కొత్తగా ఎవరైనా కాపురానికి వెళ్తారా?” అని కోడలు ఒకసారి అడిగింది.

“వెళ్తారు. ఇళ్లు చవగ్గా దొరుకుతాయి,” అంది అత్త.

ఇప్పుడు ఆ అత్త కాలిన గుడ్డని కూతురి శవాన్ని చూసినట్టు చూస్తోంది. “నిజం చెప్పు, నువ్వేనా?” అని కోడల్ని అడిగింది. “నిన్న అంత్యక్రియల అధ్యాయంలో పొట్ట పట్టుకుని నవ్వావు.”

“మీరు నవ్వలేదా? మీ కళ్లలో నీళ్లు వచ్చాయి. పెట్టె మీ చేతిలో లేదా?”

“లేదు. నిలబెట్టేశాను.”

“నేనూ నిలబెట్టేశాను!”

ఆ మాట అబద్ధమయ్యే అవకాశం తక్కువ. చాలాకాలం కిందట ఒక దిండు గలీబు మాడినప్పటి నుంచి ఈ గదిలో ఒక పద్ధతి ఉంది. కథ ముదిరే చోట కథలక్క చేయెత్తుతుంది. ఎత్తగానే ఇస్త్రీపెట్టెలన్నీ మడమ మీద లేచి నిలబడతాయి. చేయి దించేదాకా ఎవరూ వాటి జోలికి పోరు. నిన్న కూడా ఎత్తింది. పెట్టెలు లేచాయి. ఆమె కళ్లారా చూసింది.

పెద్దమ్మ నెమ్మదిగా వచ్చి కథలక్క భుజం మీద చేయి వేసింది. “ఏమే, నేనే అని చెప్పేస్తాను. ఎలాగూ మానేసేదాన్ని. నాలుగు తిట్లు తింటాను, అంతే కదా. మీ కథ ఆగదు.”

“చేశావా?”

“చేయలేదు.”

“మరి నోరు మూసుకో పెద్దమ్మా. చేయని దానికి ఒప్పుకోవడం ఏంటి?”

“ఎవరో ఒకరు ఒప్పుకోవాలిగా.”

“ఎవరో ఒకరు కాదు. చేసినవాళ్లు ఒప్పుకోవాలి.” కథలక్క గుడ్డని లాగి తన బల్ల మీద పూర్తిగా పరిచింది. “బామ్మ అయితే ఏం చేసేది? ముందు శవాన్ని చూసేది. రండి, చూద్దాం.”

నలుగురూ వంగారు. నడిమధ్య మచ్చ ముదురుగా ఉంది. దానికి జానెడు దూరంలో, ఎవరూ పట్టించుకోనిది, ఇంకో మచ్చ కనిపించింది. అదే ఆకారం, ఎదురుబొదురుగా తిరిగి ఉంది. లేత పసుపు రంగు. టీ ఒలికి ఆరినట్టు ఉంది.

“రెండుసార్లు కాల్చారా?” అంది కోడలు.

“ఒక్కసారే,” అంది పెద్దమ్మ. ఆమె గొంతు మారింది. “గుడ్డ మడతలో ఉండగా కాలింది. పైపొర మాడితే కిందిపొరకి సెగ తగిలింది. మనం ఈ గుడ్డని మడత మీద ఇస్త్రీ చేయం. విప్పి, పరిచి, అంచు నుంచి అంచుకి లాగుతాం. ఎవరో దీన్ని మడిచి కింద మెత్త కోసం వేసుకున్నారు. దీని మీద ఇంకేదో ఇస్త్రీ చేశారు.”

అత్త కోడలి వైపు చూసింది. ఈసారి చూపులో నేరం మోపడం లేదు. “మన బల్లలన్నిటికీ మెత్తలు ఉన్నాయి కదే.”

“బీరువాల గదిలో ఉన్న బల్లకి లేదు,” అంది కథలక్క. “దాని మెత్త కుట్టడానికి వెళ్లింది.”

ఇస్త్రీ గదికీ బీరువాల గదికీ మధ్య ఉన్నది చెక్క అడ్డు మాత్రమే. అటు వైపు వీధిలోకి వెనక తలుపు ఉంది. అటు నుంచి ఎవరొచ్చి పోయారో ఇక్కడి వాళ్లకి కనిపించదు. ఇక్కడ ఎవరేం మాట్లాడినా అటు వాళ్లకి వినిపిస్తుంది.

సరిగ్గా అప్పుడే మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు.

అతడు కథలక్కకి స్వయానా మరిది, భర్తకి తమ్ముడు. ఒకే ఇంట్లో, ఒకే వంటగది తిండి తినే మనుషులు. ఈ ఉద్యోగం ఆమెకి ఇప్పించింది అతడే. ఆ సంగతి వారంలో ఒక్కసారైనా గుర్తు చేయకపోతే అతడికి అన్నం సహించదు.

“ఏం వదినా, దొంగ దొరికిందా?” అన్నాడు బల్లకి ఆనుకుని. “ముసలమ్మ మేజోళ్లు అల్లుతూ దొంగల్ని పడుతుందంటగా? అల్లండి మరి. నిన్న నేను లేకపోబట్టి ఇలా అయింది. మధ్యాహ్నం నుంచి హోటల్లోనే ఉండిపోయాను. పిల్లి లేని ఇల్లు మీకు!”

“మేం పనే చేస్తున్నాం బాబూ,” అంది పెద్దమ్మ.

“ఏం పని? శవపేటిక ముందు పొట్టేలు వచ్చి చర్చి ఆయన అంగీ అంచు నములుతుంటే నవ్వడం పనా? చేతిలో నిప్పులాంటి పెట్టె ఉందని గుర్తుంటేగా!”

“ఆ ముక్క మీకెవరు చెప్పారు?” అంది అత్త, పరువు పోయినట్టు.

“ఎవరైనా చెప్పాలా? పొద్దున మేడమ్ గదిలో ఆ పుస్తకం తిరగేశాను. మేడమ్‌కి కూడా చదివి వినిపించినంత పనిచేశాను. ఇలాంటి చెత్త వింటూ పనిచేస్తే కాలక ఏమవుతుందండీ, అన్నాను.”

కథలక్క చేతిలోని గుడ్డని బల్ల మీద పెట్టింది. చాలా జాగ్రత్తగా, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టింది. తర్వాత తలెత్తి మరిది మొహాన్ని చూసింది. అతడి మొహం ఎప్పటిలాగే ఉంది. ఆమె లోపల మాత్రం ఏదో తాళం తెరుచుకున్న చప్పుడైంది.

“మరిదీ,” అంది, “ఒకసారి బీరువాల గదికి రా. గలీబుల లెక్క చూడాలి.”

ఆ గదిలో తెల్ల దుప్పట్ల దొంతరలు కప్పు దాకా ఉన్నాయి. మూలన మెత్త లేని బల్ల ఉంది. దాని మీద పాత ఇస్త్రీపెట్టె, పడుకోబెట్టి ఉంది.

“మా నలుగురిలో ఎవరమూ పెట్టెని ఇలా పడుకోబెట్టం,” అంది ఆమె.

“గలీబులు ఏవి?”

“నిన్న పొద్దున ఇంట్లోంచి నల్లకోటు చేతిమీద వేసుకుని బయల్దేరావు. నలిగిపోయి ఉంది. మీ అమ్మ గుమ్మం దాకా వచ్చి ‘హోటలు పెద్దల్ని కలవడానికి ఇలాగేనా వెళ్లేది, ఇస్త్రీ చేసుకోరా’ అంది. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు కోటు కత్తిలా ఉంది. ఎక్కడ చేసుకున్నావు?”

అతడు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు.

“కావాలని చేశానా వదినా? తొందరలో ఉన్నాను. బల్లకి మెత్త లేదు, చేతికి దొరికిన గుడ్డ మడిచి వేశాను. కోటు తిప్పుకుంటూ పెట్టెని ఆ గుడ్డ మీదే పెట్టాను, ఒక్క క్షణం ధ్యాస తప్పింది.”

“ఏం వింటూ?”

 అతడి చెవులు ఎర్రబడ్డాయి.

“మాది చెత్త అంటావు. పిల్లల కథలంటావు. గోడ వెనక నిలబడి వింటావు. ఎన్నాళ్ల నుంచి?”

“అదంతా ఇప్పుడెందుకు? విను. పెద్దమ్మ ఎలాగూ మానేస్తోంది. ఆవిడే ఒప్పుకుంటానంటోందని తలుపు దగ్గర విన్నాను. ఒప్పుకోనీ. మేడమ్ నాలుగు మాటలని వదిలేస్తుంది. మీ కథలు మీకుంటాయి. నేను కూడా ఇక మీదట అడ్డు చెప్పను. ఎవరికీ నష్టం లేదు.”

“పెద్దమ్మకి లేదా?”

“ఆవిడకేం పోతుంది? ఇంటికెళ్లి పడుకుంటుంది.”

“తన చేత్తో ఒక్క గుడ్డ కాల్చని మనిషి, కాల్చిన మనిషిగా ఇంటికెళ్లి పడుకుంటుంది.”

అతడి గొంతు మారింది. “సరే, నా పేరు చెప్పు. ఎవరు నమ్ముతారు? నేను హోటల్లో ఉన్నానని మేడమ్‌కి తెలుసు. కోటు సంగతి ఇంటి గొడవ అనుకుంటుంది. వదినకి మరిది మీద కోపం, అంతే. ఆ తర్వాత ఇంటికి ఎలా వస్తావు? అన్నయ్యకి ఏం చెప్తావు? అమ్మ నీ చేతి మంచినీళ్లు ముట్టుకుంటుందా? నీకు ఉద్యోగం ఇప్పించింది నేను. మర్చిపోకు.”

“మర్చిపోనివ్వవుగా,” అంది కథలక్క.

ఆమె దగ్గర ఇంకొకటి ఉంది. కోటు కంటే గట్టిది. దాన్ని అతడికి చెప్పలేదు. బామ్మ కూడా చెప్పదు. అందరూ కూర్చున్నాకే చెబుతుంది.

నిజానికి ఆ పుస్తకాల్లో కథలక్కకి నచ్చేది హత్య కాదు. వానా కాదు, కేకులూ కాదు. చివరి అధ్యాయం నచ్చుతుంది. ఊళ్లో వాళ్లంతా ఉన్ని కొట్టులో ఇరుకిరుగ్గా కూర్చుంటారు. జమీందారు కూడా కుర్చీ లేక ఊలు బుట్ట మీద కూర్చుంటాడు. బామ్మ టీ పోసి, అల్లిక పక్కన పెట్టి, చేసినవాడి పేరు అందరి ముందు పైకి చెబుతుంది. వాడు గొప్పవాడైనా సరే, బామ్మకి చుట్టమైనా సరే. కథలక్క ఇంట్లో అలాంటి అధ్యాయం ఎప్పుడూ రాలేదు. గాజు పగిలితే పనిమనిషి, పాలు విరిగితే కోడలు, మాట తేడా వస్తే ఆడది. పేరు ఎప్పుడూ కింద ఉన్నవాళ్ల మీదికే జారేది, ఎవరూ ఆపేవాళ్లు కాదు. ఆ చలి ఊళ్లో మాత్రం ఒక ముసలిది ఆపేది. పుస్తకం తర్వాత పుస్తకం, విసుగు లేకుండా ఆపేది.

వ్యాను హారన్ వినిపించింది.

ఆమె ఇస్త్రీ గదిలోకి వచ్చేసరికి యజమానురాలు గది మధ్యలో నిలబడి ఉంది. చంకలో పుస్తకం ఉంది. మేనేజరు చకచకా వెళ్లి ఆమె పక్కన చేరాడు.

“ఏం తేల్చుకున్నారు?”

పెద్దమ్మ కొంగు సర్దుకుని ముందుకి అడుగేసింది. “అమ్మా, అది...”

“పెద్దమ్మా, నీ బల్ల దగ్గరికి వెళ్లు,” అంది కథలక్క.

“నువ్వూరుకోవే.”

“వెళ్లమన్నానా?” ఆ గొంతు ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. పెద్దమ్మ వెళ్లింది. “మేడమ్, ఆవిడ చేయలేదు. మా నలుగురిలో ఎవరూ చేయలేదు. రెండు నిమిషాలు ఇవ్వండి. ముందు ఈ గుడ్డ చూడండి.”

రెండు మచ్చలూ చూపించింది. మడత సంగతి పెద్దమ్మ చేతే చెప్పించింది. యజమానురాలు లాండ్రీలో పుట్టి పెరిగిన మనిషి. వేలితో లేత మచ్చని తడిమి, తల ఊపింది. “మెత్త కోసం వేసుకున్నారు. బీరువాల గదిలో. సరే, ఎవరు?”

“అది చెప్పేముందు మేనేజరు గారిని ఒక మాట అడగాలి.” ఇంట్లో మరిది అయినవాడికి ఇక్కడ గారు తగిలించేసరికి అతడి కనుబొమలు పైకి లేచాయి. “నిన్న మధ్యాహ్నం మేం కథ చెప్పుకుంటున్నప్పుడు మీరెక్కడ ఉన్నారండీ?”

“హోటల్లో. మేడమ్‌కి తెలుసు.”

“అయితే చర్చిలోకి పొట్టేలు వచ్చిందని మీకెలా తెలిసింది?”

“చెప్పానుగా! పుస్తకంలో చదివాను. మేడమ్, మీకు కూడా పొద్దున చెప్పాను కదండీ?”

“చెప్పాడు,” అంది యజమానురాలు. “పొట్టేలూ, అంగీ, ఏదో చెప్పాడు.”

“పుస్తకం మీ దగ్గరే ఉంది మేడమ్. తెల్లదారం పెట్టిన చోట నిన్నటి అధ్యాయం మొదలవుతుంది. అంత్యక్రియలు. మీకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. ఆ పొట్టేలు ఎక్కడుందో చూడండి.”

యజమానురాలు కళ్లజోడు పెట్టుకుంది. పేజీ తిప్పింది. మళ్లీ తిప్పింది. ఆవిరి గొట్టం బుస కొడుతోంది. వ్యాను డ్రైవరు గుమ్మంలోకి వచ్చి, సంగతేమిటో తెలియక, అక్కడే ఆగిపోయాడు.

“వాన,” అంది యజమానురాలు. “మళ్లీ వాన. గాలి. ఈయనెవరో ఏదో చదువుతున్నాడు. అందరూ గొడుగులు మూశారు. తర్వాత పడవ.” అధ్యాయం చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. “ఇందులో పొట్టేలు లేదు.”

“లేదండీ,” అంది కథలక్క. “పేజీల కొద్దీ వానే. వీళ్లకి ఆవలింతలు వస్తున్నాయి. అందుకని నేనే తోలాను దాన్ని.”

“పొట్టేలు లేదా?” కోడలు గుండె పట్టుకుంది. “అంగీ నమల్లేదా? చర్చి బాబాయి చెప్పుతో కొట్టబోయి జారి పడలేదా?”

“లేదే.”

“ఇంకా ఏమేం లేవు అక్కా ఆ ఊళ్లో?” అంది అత్త. “పడవ మామయ్య పెళ్లిచూపులు?”

“అవి ఉన్నాయి. తర్వాత తిట్టండి నన్ను.” కథలక్క చూపు మరిది మీంచి కదల్లేదు. “నిన్న ఆ పొట్టేలు నా నోట్లో పుట్టింది. ఈ గది దాటి ఎక్కడికీ పోలేదు. పుస్తకంలో చదివేవాడికి అది దొరకదు. నిన్న, ఆ వేళ, నా గొంతు విన్నవాళ్లకే దొరుకుతుంది.”

మేనేజరు నాలుకతో పెదవి తడుపుకున్నాడు. “ఎవరో చెప్పి ఉంటారు.”

“నేను చెప్పలేదు,” అంది అత్త.

“నేనూ చెప్పలేదు,” అంది కోడలు. అత్త మాట వెంటనే కోడలు పోట్లాట లేకుండా అదే మాట అనడం బహుశా పెళ్లయ్యాక అదే మొదలు.

“నాతో మాట్లాడతాడా ఆయన?” అంది పెద్దమ్మ. “నన్ను చూస్తే దుప్పటిని చూసినట్టు చూస్తాడు.”

“అయినా ఇందాక ఎవరో చెప్పారనలేదు కదండీ, చదివానన్నారు,” అంది కథలక్క. “మేడమ్‌తోనూ అదే అన్నారు.”

యజమానురాలు పుస్తకం మూసింది. మేనేజరు వైపు చూడలేదు. కథలక్క వైపే చూస్తోంది. “నువ్వు ఏం చెప్పదలుచుకున్నావో నాకు అర్థమవుతోంది. కానీ నేను ఊహించుకోను. పేరు చెప్పమన్నాను. నీ నోటితో చెప్పు. చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు. తెలుసుగా?”

“వదినా,” అన్నాడు అతడు. పక్కవాళ్లకి వినపడనంత మెల్లగా అనబోయాడు, కానీ గది నిశ్శబ్దంగా ఉండటంతో అందరికీ వినిపించింది. “ఇంటికి వెళ్లాక మాట్లాడుకుందాం. అన్నయ్య కోసమైనా. అమ్మ కోసమైనా. ఇక్కడొద్దు.”

కథలక్కకి సాయంత్రం గుమ్మంలో నిలబడబోయే తన అత్తగారు కనిపించింది. పళ్లెం ముందు మాట్లాడకుండా కూర్చోబోయే భర్త కనిపించాడు. వాళ్లిద్దరికీ ఏం చెప్పాలో ఆమెకి ఇంకా తెలియదు. దారిలో ఆలోచించుకోవచ్చు. ఆమె దుమ్ము దులిపినట్టు చేతులు దులుపుకుని, నిటారుగా నిలబడింది.

“ఇక్కడే,” అంది. గుమ్మంలో ఉన్న డ్రైవరుకి కూడా వినపడేలా, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది. “గుడ్డ కాల్చింది మీ మేనేజరు, మేడమ్. మా మరిది.”